గది ఉష్ణోగ్రత అంటే ఎవరి గది?

ఢిల్లీ రైలెక్కిన తెలుగువాళ్ళకి మా ఊరొక గుర్తు. బల్లార్షా వచ్చిందంటే తెలుగు అయిపోయింది, ఇక టీ అబ్బాయితో హిందీలో మాట్లాడాలి అని సర్దుకుని కూర్చుంటారు. ఆ అయిపోయిన చోటే మేం మూడు తరాలుగా ఉంటున్నాం. తాత కరీంనగర్ వైపు నుంచి బొగ్గుబాయి పనికి వచ్చాడు. నాన్న బాయిలో దిగాడు, ఆయన వెనక నేనూ దిగాను. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, బాయిలో హిందీ. తిట్టుకోవడానికి మూడూ.

బాయిలో నాది వెంటిలేషన్ పని, అంటే గాలి లెక్క. ముప్పై ఏళ్ళు, గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్‌ని గిలక్కాయలా గిరగిర తిప్పుతూ తిరిగినవాణ్ణి. అందులో రెండు థర్మామీటర్లుంటాయి, ఒకదాని బల్బుకి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. మనుషులు పనిచేసే చోట ఆ తడి బల్బు 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటిందంటే సెకనుకి కనీసం ఒక మీటరు వేగంతో గాలి ఆడాలి. రూల్సులో అలా ఉంది. అర డిగ్రీ దగ్గర ఓవర్‌మన్లతో, అంటే బాయి సూపర్‌వైజర్లతో, గొడవపడ్డ రోజులు నాకు చాలానే ఉన్నాయి. రిటైరైనంత మాత్రాన ఆ చాదస్తం ఎక్కడికి పోతుంది? మొదట కూలర్ మీద పడింది, తర్వాత పెరుగు తోడుపెట్టే పాల మీద పడి మా ఆవిడ చేత చీవాట్లు తినిపించింది. చివరికి బీరు మీద పడింది.

బీరంటే మామూలు పసుపు బీరు కాదు, స్టౌట్. ఫిల్టర్ కాఫీ డికాషన్‌లా నల్లగా ఉండి పైన లేత గోధుమరంగు నురగ కట్టేది. దాన్ని బాగా చల్లబెట్టి తాగితే బాగుంటుందా, పాతపద్ధతిలో చల్లబెట్టకుండా తాగితే బాగుంటుందా అన్నది మా బామ్మర్దికీ నాకూ నడుస్తున్న తగాదా. ఇందులో ఇద్దరం కొంత తప్పే. కాకపోతే వాడు ఎక్కువ తప్పు.

2022 మే నెలలో వాడు లండన్ నుంచి వచ్చాడు, ఆరు సీసాలు తెచ్చాడు. విమానంలో వచ్చేవాళ్ళకి కస్టమ్స్‌లో రెండు లీటర్ల దాకా వదిలేస్తారు. 330 మిల్లీలీటర్ల సీసాలు ఆరంటే 1.98 లీటర్లు. ఆ లెక్క చూసి వాణ్ణి మెచ్చుకున్నాను, మా వంశంలోకి పిల్లనిచ్చిన ఇల్లు కదా అనుకున్నాను. సీసాలు తీసుకుని ఫ్రిజ్ తలుపు తెరవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అయ్యో బావా, స్టౌట్‌ని ఫ్రిజ్‌లో పెడతారా ఎవరన్నా? రూమ్ టెంపరేచర్‌లో తాగాలి. అదీ సంప్రదాయం."

ఆరూ తీసుకెళ్ళి ముందు గదిలో బీరువా మీద వరసగా నిలబెట్టాడు.

మే నెలలో మా జిల్లా పేరు టీవీలో రోజూ వస్తుంది. చంద్రపూర్ 46, చంద్రపూర్ 47. ఒక్కోసారి 48 కూడా చెబుతారు. అలాంటి ఊళ్ళో, పైకప్పుకి రెండడుగుల కింద, బీరువా మీద. సాయంత్రం కరెంటు వచ్చిపోతూ ఉన్న సమయంలో వాడొక సీసా దించి పెద్దమనిషిలా మూత తీశాడు. తీయడమే ఆలస్యం, నల్ల నురగ ఫౌంటెన్‌లా లేచింది. గోడకున్న కాలనిర్ణయ్ క్యాలెండర్ మీద జూన్, జులై నెలలు ఇప్పటికీ గోధుమరంగులోనే ఉన్నాయి. మిగిలింది అరగ్లాసు. కూతురు కేకుల కోసం కొనుక్కున్న సూది థర్మామీటరు అందులో ముంచాను. 38.

బీరులో కలిసి ఉండే గ్యాసు కార్బన్ డయాక్సైడ్. చల్లటి నీళ్ళలో అది బుద్ధిగా కూర్చుంటుంది, వేడెక్కితే నిలవదు. 5 డిగ్రీల దగ్గర పట్టే గ్యాసులో 40 దగ్గర సగం కూడా పట్టదు. మూత ఉన్నంతసేపూ ఆ మిగిలిందంతా బయటపడదామని తోసుకుంటూ ఉంటుంది. బాయిలో గ్యాసు సంగతి చూసినవాణ్ణి నేను, మూత తీసే ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కొంచెం కావాలనే చెప్పలేదు.

ఆ అరగ్లాసు రుచి ఎలా ఉందంటే, సోయా సాస్‌లో కాఫీపొడి వేసి గోరువెచ్చగా కాచినట్టుంది. సారా ఘాటు ముక్కులోకి కొట్టింది. వాడు రెండు గుక్కలు తాగి, "లండన్‌లో ఇలా ఉండదు బావా" అన్నాడు. ఉండదు మరి. లండన్‌లో గది వేరు.

అసలు తిరకాసంతా ఆ ‘గది’లోనే ఉంది. ఇంగ్లండులో పాతపద్ధతి అంటే గది ఉష్ణోగ్రత కూడా కాదు. పబ్బు కింద నేలమాళిగలో పీపాలు పెడతారు. అక్కడ 11 నుంచి 13 డిగ్రీలు ఉంటుంది, అదే ఉష్ణోగ్రతలో చేతిపంపుతో పైకి లాగి పోస్తారు. ఆ పద్ధతి పోకూడదని 1971లో కామ్రా అనే వాడుకరుల సంఘం పుట్టింది, ఇప్పటికీ దాని కోసమే కొట్లాడుతోంది. ఐర్లాండులో ఇంకో అలవాటుంది. పాతకాలం మనుషులు ఫ్రిజ్ సీసా వద్దని, కౌంటర్ వెనక అరలో ఉన్న పెద్ద సీసా అడిగి తీసుకుంటారు. మా బామ్మర్ది చెప్పిన సంప్రదాయం అబద్ధం కాదు. అయితే ఆ అర ఉన్నది ఎక్కడ? తలుపు తీస్తే చలి కొట్టే ఊళ్ళో. అదే అరని బల్లార్షాలో మా బీరువా మీదికి తెస్తే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. (మాకు పక్కనే తాడోబా అడవి, పులుల మాట ఊరికే రాదు.)

నేలమాళిగ చల్లగా ఎందుకుంటుంది? మనం పాతర అని తవ్వి జొన్నలు దాచుకునేవాళ్ళం, అలాంటిదే అది. నేలలోకి కొన్ని గజాలు దిగితే ఎండాకాలం, చలికాలం తేడా చచ్చిపోతుంది. ఏడాది మొత్తానికి ఆ ఊరి సగటు ఎంతో, మట్టి దాదాపు అంతే ఉంటుంది. లండన్ సగటు 11, 12 డిగ్రీలు. కాబట్టి అక్కడ గొయ్యి తవ్వి పీపా దించితే బీరుకి కావలసిన చల్లదనం ఉచితంగా వస్తుంది. మా జిల్లా సగటు 27, 28 దగ్గర. ఇక్కడ ఎంత లోతు పాతర తవ్వినా అంతకన్నా చల్లబడదు. ఇంకా లోతుకి పోతే వేడెక్కుతుంది, ఆ సంగతి నన్నడగండి, ముప్పై ఏళ్ళు అందులోనే ఉన్నాను. ఇంగ్లండు వాడికి సంప్రదాయం పేరుతో దొరికింది వాడి నేల ఇచ్చిన వాతావరణమే. అది మన నేలలో లేదు. సీసా మీద పేరు ఒకటే అయినంత మాత్రాన మట్టి ఒకటైపోదు.

మరో సంగతి. ఈ దేశంలో ఈ నల్ల బీరుకి సంప్రదాయమంటూ ఒకటి ఉంటే, అది చల్లబెట్టే సంప్రదాయమే. స్టౌట్‌కి తల్లి పోర్టర్, 18వ శతాబ్దపు లండన్‌లో కూలీలు, మోతగాళ్ళు తాగిన బీరు. అందులో గట్టిదాన్ని స్టౌట్ పోర్టర్ అనేవాళ్ళు, పోను పోను పోర్టర్ రాలిపోయి స్టౌట్ మిగిలింది. ఇండియాకి వచ్చిన బీరనగానే అందరూ పేల్ ఏల్ అనే లేతరంగు బీరు కథ చెబుతారు. అది దొరల బల్ల మీది బీరు. దండుల్లో సోల్జర్లకి ఓడల్లో వచ్చిపడింది ఎక్కువగా పోర్టరే. మాకు దగ్గర్లో నాగపూర్ పక్కన కామ్టీ దండు 1821లో పెట్టారు. అక్కడ మే నెలలో ఎర్రకోటు వేసుకుని నిలబడ్డ మనిషి ‘రూమ్ టెంపరేచర్’ అంటే ఏమనేవాడో ఊహించుకోండి.

డబ్బున్న దొరల ఇళ్ళలో ఆబ్దార్ అని ఒక నౌకరు ఉండేవాడు. వాడి పనల్లా తాగేవాటిని చల్లబరచడమే. నీళ్ళలో సురేకారం కలిపితే నీళ్ళు చల్లబడతాయి, అందులో సీసాలు పెట్టి తిప్పుతూ ఉండేవాడు. ఆ స్తోమత లేనిచోట తడిగుడ్డ, గాలి. 1833లో బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడలో కలకత్తాకి మంచుగడ్డలు దిగాయి. నాలుగు నెలలు సముద్రం మీద నానా తంటాలు పడి మంచు మోసుకొచ్చారంటే, ఇక్కడి గది ఉష్ణోగ్రత మీద అప్పటివాళ్ళ అభిప్రాయం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ చదివి, అయితే ఐస్‌లో ముంచి తాగడమే కరెక్టు అని మీరనుకుంటే నా రెండో తగాదా మీతోనే.

మా జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుంచి 2021 దాకా మద్యనిషేధం. పక్కన గడ్చిరోలిలో 1993 నుంచే ఉంది. ఆ డిమాండ్ ఆడవాళ్ళ నుంచి వచ్చింది, వాళ్ళ బాధలో నిజం ఉంది, జీతం రోజు మా కాలనీల్లో ఏం జరిగేదో చూసినవాణ్ణి కాబట్టి దాని మీద జోకులు వెయ్యను. ఆ ఆరేళ్ళు ఎప్పుడన్నా బీరు తాగాలనిపిస్తే వార్ధా నది దాటి యవత్‌మాల్ జిల్లా వణీకి వెళ్ళేవాళ్ళం, లేదంటే పని మీద నాగపూర్ వెళ్ళినప్పుడు. అలా వెళ్ళినప్పుడే నాగపూర్‌లో ఒక పెద్ద బారులో, ఊరూ పేరూ అక్కర్లేదు, మొదటిసారి స్టౌట్ తెప్పించుకున్నాను. మగ్గుని డీప్ ఫ్రీజర్‌లోంచి తీశారు. తెల్లగా మంచు పట్టి ఉంది, పట్టుకుంటే వేళ్ళు అతుక్కుంటున్నాయి. బీరు పోస్తే అంచుల దగ్గర పలచటి మంచుపొర కట్టింది. కుర్రాడు చాలా మర్యాదగా, "ఐస్ క్యూబ్ డాలూ సర్?" అని కూడా అడిగాడు.

తాగితే రుచే లేదు. నాలుక మొద్దుబారింది. గొంతు దిగాక చివర్లో మాడిన రొట్టె అంచులాంటి చేదు ఒక్కటి మిగిలింది. మామూలు బీరుకి రెండింతల డబ్బు కట్టి, ఓహో ఈ స్టౌట్ అనేది మనకి పడదు అని తేల్చేసుకుని వచ్చాను. ఆ తీర్పు తప్పని తెలియడానికి నాకు ఐదేళ్ళు పట్టింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, చల్లబరుద్దామని పోయి అసలు నాలుకనే తీసేశారు.

మామిడిపండు సంగతి గుర్తు తెచ్చుకోండి. మన ఇళ్ళలో పళ్ళు తెస్తే బకెట్ నీళ్ళలో వేస్తాం. గంట తర్వాత తీసి పిసికి రసం జుర్రుతుంటే వాసన వీధిగుమ్మం దాకా వస్తుంది. అదే పండుని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి తియ్యండి. ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ ఉండదు. తింటే తియ్యటి పీచు. పండు మారలేదు, వాసన పండులోనే ఉండిపోయింది. వాసనంటే గాలిలోకి ఎగిరే పదార్థాలు, చల్లగా ఉన్నప్పుడు అవి ఎగరవు. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కు చేసే పనే.

నాలుకకీ చల్లదనంతో పేచీ ఉంది. తీపిని పసిగట్టే కణాల్లో టీఆర్‌పీఎమ్5 అనే ఒక ద్వారం ఉంటుంది. 15 నుంచి 35 డిగ్రీల మధ్య వేడి పెరిగేకొద్దీ అది బాగా తెరుచుకుంటుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. కరిగిపోయిన కుల్ఫీ తాగితే ఇంత పంచదార వేశాడా అని ఆశ్చర్యం వేస్తుందే, అదే సంగతి.

ఇప్పుడు ఈ రెండూ స్టౌట్‌కి పెట్టి చూడండి. ఆ నలుపు బార్లీ గింజని వేయించడం వల్ల వచ్చేది. 1817లో డేనియల్ వీలర్ అనే ఇంగ్లీషాయన కాఫీగింజలు వేయించే పీపాలాంటి దాంట్లో మొలకగింజని మాడబెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచే అసలు సిసలు నలుపు. వేయించిన గింజలో కాఫీ ఉంది, కోకో ఉంది, కాస్త పులుపుంది, చివర్లో చేదుంది. ఆ చేదుకి ఎదురుగా మిగిలిపోయిన మాల్టు తీపి నిలబడుతుంది. ఈ రెండూ తూగితేనే స్టౌట్. మరీ చల్లబరిస్తే వాసన ఎగరదు, తీపి నాలుకకి అందదు. చేదు, గ్యాసు కొరుకుడు మాత్రం అలాగే ఉంటాయి. నాగపూర్ మగ్గులో నాకు దక్కింది ఆ రెండే.

దానికి తోడు, స్టౌట్ అంటే ఒకటే కాదు. ఐర్లాండు గిన్నెస్ కంపెనీ తన డ్రాఫ్ట్ బీరుని, అంటే కుళాయిలోంచి పోసేదాన్ని, 6, 7 డిగ్రీల దగ్గర పొయ్యమంటుంది. 1990ల చివర్లో ‘ఎక్స్‌ట్రా కోల్డ్’ అని 3.5 డిగ్రీల రకం కూడా దించింది. అదే బీరు, కుళాయి దగ్గర ఇంకొంచెం చల్లబరుస్తారు, అంతే. కుర్రాళ్ళు పసుపు బీరు వైపు పోతున్నారని పడిన తిప్పలు అది, రుచి కోసం కాదని నా అనుమానం. కానీ ఆ 6, 7కి మాత్రం న్యాయం ఉంది. 1959లో మైకేల్ ఆష్ అనే లెక్కల మాస్టారు లాంటి ఉద్యోగి ఆ కంపెనీలో బీరుకి నైట్రోజన్ పట్టించే ఏర్పాటు చేశాడు. గ్యాసులో ముప్పావు వంతు నైట్రోజన్, పావు వంతు కార్బన్ డయాక్సైడ్. నైట్రోజన్ నాలుకని కొరకదు, మీగడలా జారుతుంది. ఆల్కహాలు కూడా తక్కువే. అలాంటి పలచటి, మెత్తటి బీరు 7 దగ్గర మొదలుపెట్టినా పెద్దగా నష్టపోదు.

మా బామ్మర్ది తెచ్చింది ఆ జాతి కాదు, ఎగుమతి జాతి. 1801 నాటికే డబ్లిన్‌లో వెస్టిండీస్ పోర్టర్ అని, బీరుకి చేదు ఇచ్చే హాప్స్ పూలు దట్టించి, ఘాటు పెంచి కాచేవాళ్ళు, వేడి సముద్రాలు దాటినా పాడవకుండా. దాని సంతానమే ఇప్పటి 7.5 శాతం ఆల్కహాలున్న ఫారిన్ ఎక్స్‌ట్రా స్టౌట్. స్టౌట్ చలిదేశం పానీయం అనుకునేవాళ్ళు నైజీరియా, జమైకా, శ్రీలంక వైపు చూడాలి. 1960ల మొదట్లోనే గిన్నెస్ వాళ్ళు నైజీరియాలోని లాగోస్‌లో బ్రూవరీ పెట్టారు. జమైకాలో కండెన్స్‌డ్ మిల్క్ కలిపి తాగుతారు. శ్రీలంక లయన్ స్టౌట్ ఎనిమిది శాతం పైమాటే, తియ్యగా, చిక్కగా ఉంటుందని పేరు. మనలాంటి ఎండలున్న చోట్లే ఈ ఘాటు రకాలు బతికాయి. వాటిలో తీపి ఎక్కువ, వాసన ఎక్కువ, కాబట్టి 7 డిగ్రీల దగ్గర తాగితే సగం సీసాలోనే ఉండిపోతుంది.

ఇక మిగిలిన ఐదు సీసాలు. వాటిని బీరువా మీంచి నేనే దించాను. బామ్మర్ది అడ్డు చెప్పలేదు, చొక్కా ఉతుక్కునే పనిలో ఉన్నాడు.

మొదటి ప్రయోగం ఆబ్దార్ కోసం. ఒక సీసాకి తడిపిన గోనెగుడ్డ చుట్టి సాయంత్రం వాకిట్లో గాలికి వేలాడదీశాను. బయట 43. మే నెలలో మా దగ్గర గాలి ఎండుగడ్డిలా ఉంటుంది, తడి బల్బు 24 దాకా పడుతుంది, కూలర్లు పనిచేసేది అందుకే. గంటన్నర తర్వాత సీసాలో 27. కుండనీళ్ళలా హాయిగా ఉంది పట్టుకుంటే. నురగ పొంగింది కానీ క్యాలెండర్ దాకా పోలేదు. తాగితే బెల్లం పాకం ముందుకొచ్చింది, సారా ఘాటు ఇంకా తగ్గలేదు. పాపం ఆబ్దార్‌కి సురేకారం ఎందుకు కావలసి వచ్చిందో అర్థమైంది.

రెండోది ఫ్రిజ్‌లో రాత్రంతా, గ్లాసు కూడా ఫ్రిజ్‌లోనే. 5 డిగ్రీలు. నాగపూర్ మగ్గు కన్నా నయం, అయినా మూగగానే ఉంది.

మూడోది అసలైంది. సీసా ఫ్రిజ్‌దే, 5 డిగ్రీలు. గ్లాసు మాత్రం వంటింటి అలమారలోది, మందపాటి గాజు. కూలర్ నడుస్తున్న గదిలో 32. పోసి సూది ముంచితే 9! నేను లెక్క వేసుకోలేదు కానీ ఆలోచిస్తే సబబే. మూడువందల గ్రాముల గాజు తన వేడంతా బీరుకి ఇచ్చేసింది. ఫ్రిజ్‌కీ లండన్ నేలమాళిగకీ మధ్యనున్న దూరంలో సగం, ఒక మామూలు గ్లాసు ఒక్క క్షణంలో నడిపించేసింది.

9 దగ్గర ఒక గుక్క. కాఫీ వచ్చింది, సన్నగా. గ్లాసు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. గ్లాసు బయట చెమట పట్టి కిందికి గీతలు గీతలుగా జారుతోంది. నురగ మెల్లగా కుంగి, అంచున తెల్లటి పట్టీ వదిలింది. 11 దగ్గర మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. ఆమె తాగదు. మీ బాయి లెక్కలు ఇంట్లో కూడానా అంటూనే గ్లాసు తీసుకుని వాసన చూసింది.

"చింతగింజలు వేయించినట్టుంది" అంది.

నేను పుస్తకాల్లో చదివిన కాఫీ, కోకో, చాక్లెట్ అన్నీ పక్కకి పోయాయి. అవును, చింతగింజలే. చిన్నప్పుడు మా నానమ్మ కుంపట్లో వేసి తీసి, పైపొట్టు రాళ్ళతో కొట్టి ఇచ్చేది, ఆ వాసన. 5 డిగ్రీల గ్లాసు కూడా ముందురోజు ఆమె ముక్కు దగ్గర పెట్టాను, "ఏమీ లేదు, చల్లగా ఉంది" అంది. ఇంతకన్నా సాక్ష్యం నాకక్కర్లేదు.

12, 13 దగ్గర అన్నీ కలిశాయి. చేదు వెనక్కి తగ్గింది అనను, దానికి తోడు దొరికింది. 16 దాటాక తీపి మీదపడడం మొదలైంది, 19 దగ్గర సారా మళ్ళీ తల ఎత్తింది. పోసిన దగ్గర్నుంచి 19 దాకా పాతిక నిమిషాలు. నాలుగో సీసాతో మర్నాడు మళ్ళీ చూశాను, రెండు నిమిషాల తేడాలో అదే వచ్చింది. అంటే మా ఊళ్ళో మే నెలలో ఒక గ్లాసు స్టౌట్‌కి మంచి వయసు పది నిమిషాలు. దానికి ముందు పసితనం, తర్వాత ముసలితనం. లండన్‌వాడికి ఆ పది నిమిషాలు గంట సాగుతాయి, వాడి గది అలాంటిది. మనం ఆ పది నిమిషాలు పట్టుకోవాలి, అంతే.

ఐదో సీసా నాతో పనిచేసిన మరాఠీ దోస్తుకి ఇచ్చాను. ఆయన గ్లాసు నిండా ఐసు వేసుకుని నా ముందే గటగటా తాగేశాడు. "భావూ, ఎండలోంచి వచ్చిన మనిషికి చల్లగా దిగితే చాలు, నీ డిగ్రీలు ఎవరికి కావాలి?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోలేదు. దాహానికైతే మజ్జిగ ఉంది, నిమ్మకాయ నీళ్ళున్నాయి, బీరే కావాలంటే పసుపు బీరు ఉంది. అది మరీ చల్లగా ఉన్నా పోయేదేం లేదు, అందులో దాచడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. దాహం తీర్చుకోడానికి స్టౌట్ తెచ్చుకోవడం, కడుపు నింపుకోడానికి జున్ను తినడం లాంటిది. ఇదంతా ఆయనతో అనలేదు. ఆయన నాకన్నా సీనియర్, పైగా ఆ రోజు నిజంగానే 46.

ఒక సంగతి మాత్రం ఆయన వెళ్ళాక గుర్తొచ్చింది. చిన్నప్పుడు డిసెంబర్ సెలవుల్లో ఆసిఫాబాద్ వైపు మా మేనత్త ఊరు వెళ్ళేవాళ్ళం. తెల్లారకముందే మామయ్య ఈతవనానికి తీసుకెళ్ళేవాడు. చెట్టుకి రాత్రంతా వేలాడిన లొట్టి దించి, నురగ ఊది పక్కకి తోసి, ముంతలో పోసేవాడు గౌడ్ మామ. నాకు రెండు గుక్కలే ఇచ్చేవాళ్ళు. పళ్ళు జివ్వుమనేవి కానీ నాలుక మొద్దుబారేది కాదు. తియ్యదనం, ఈతపండు వాసన, వెనక సన్నటి పులుపు, అన్నీ వేరువేరుగా తెలిసేవి. "పొద్దెక్కితే ఇది కల్లు కాదురా, వేరే ఏందో అయితది" అనేవాడు మామయ్య. ఎండెక్కాక పులిసిపోవడం ఒక కారణం. కానీ ఆ పొద్దున చలి ఎంత ఉండేది? ఆ అడవి వైపు డిసెంబర్ తెల్లవారుజాములు 12 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా తక్కువ. రాత్రంతా చెట్టు మీద చలిలో ఉన్న లొట్టి కూడా అంతే కదా.

ఇంగ్లీషువాడు భూమిలో గొయ్యి తవ్వి సంపాదించిన డిగ్రీలే మా మామయ్యకి చెట్టు మీద దొరికాయి. కాకపోతే ఏడాదికి రెండు నెలలు, రోజుకి గంటసేపు. ఫ్రిజ్‌లో కల్లు పెట్టాలని ఆయనకి తట్టి ఉండదు, మధ్యాహ్నం కల్లు తాగాలనీ తట్టలేదు. వేళ చూసుకునేవాడు. అందుకే ఇప్పుడు నేనూ డిసెంబర్, జనవరి నెలల్లో స్టౌట్ దొరికితే ఫ్రిజ్ జోలికి పోను. రాత్రి కిటికీ గూట్లో పెడతాను. పొద్దున తాగే అలవాటు లేదు కాబట్టి తెల్లారాక తీసి దుప్పట్లో చుట్టి సాయంత్రం దాకా దాచడం ఒకటే ఇబ్బంది. మా ఆవిడ దాన్ని పసిపాప అంటుంది.

మిగతా పది నెలలూ ఫ్రిజ్, మామూలు గ్లాసు, వాచీ.

బామ్మర్దికి ఇవన్నీ అప్పుడే చెప్పాను. థర్మామీటర్ లెక్కలు కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని, "నువ్వు చెప్పింది మీ ఊరికి బావా, మా దగ్గర రూమ్ టెంపరేచరే" అని లండన్ వెళ్ళిపోయాడు. వాడి ఊరి సంగతి వాడికి వదిలేశాను.

జులై 19న వీడియో కాల్ చేశాడు. ఇక్కడ వారంగా వాన, వార్ధా నది నిండుగా పారుతోంది, గదిలో 27. అక్కడ ఇంగ్లండు చరిత్రలో మొదటిసారి 40 డిగ్రీలు దాటిన రోజు అది. కానింగ్స్‌బీ అనే చోట 40.3 అని వార్తల్లో వస్తోంది. వాడు బనియన్‌తో కూర్చుని ఉన్నాడు, పక్కన అరచెయ్యంత ఫ్యాను. వాళ్ళ ఇళ్ళకి ఏసీ లేదు, కూలర్ పేరు కూడా తెలియదు.

"ఇంట్లో 34 ఉంది బావా" అన్నాడు.

"స్టౌట్ ఎక్కడ పెట్టావ్?"

ఏమీ అనలేదు. ఫోను పట్టుకుని లేచి, వంటింట్లోకి నడిచి, ఫ్రిజ్ తలుపు తీసి చూపించాడు. మధ్య అరలో నాలుగు సీసాలు.

"ఒకటి తియ్యి. అలమారలోని గ్లాసులో పొయ్యి."

"పోసి పావుగంట ఆగాలి, అంతేగా? కాగితం దాచుకున్నాలే."

"34కి పావుగంట ఎక్కువ" అన్నాను. "ఎనిమిది నిమిషాలు."